పైలట్ ప్లాంటు ఖర్చు దండగ కాదు

ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పద్ధతి ఏదైనా ప్రయోగశాలలో మొదలవుతుంది. అక్కడ అరచేతిలో పట్టేంత పొర ముక్క మీద, తూచి ఉప్పు కలిపిన నీటితో, కొన్ని గంటలపాటు పరీక్ష జరుగుతుంది. ఆ పద్ధతి చేరవలసిన చోటు ఊరంతటికీ నీళ్లిచ్చే పెద్ద ప్లాంటు. ఈ రెంటి నడుమ ఉండేదే పైలట్ ప్లాంటు. ఇది రోజుకు కొన్ని వేల లీటర్ల నుంచి లక్ష లీటర్ల దాకా నీరిచ్చే చిన్న ప్లాంటు. అసలు సముద్రపు నీటితోనో అసలు బోరు నీటితోనో నెలల తరబడి రాత్రింబవళ్లు నడుస్తుంది. ప్రయోగశాలలో పనిచేసినది బయట కూడా పనిచేస్తుందా, ఎంత ఖర్చుతో, ఎంతకాలం అన్న ప్రశ్నలకు జవాబు దొరికేది ఇక్కడే.

ఈ నడిమి మెట్టు మీద ప్రజల డబ్బు పెట్టడం వృథా అన్న అభిప్రాయం చాలామందిలో పాతుకుపోయి ఉంది. రివర్స్ ఆస్మోసిస్ (ఒత్తిడితో నీటిని పొర గుండా తోసి ఉప్పును ఆపే పద్ధతి, వాడుకలో ఆర్ఓ) ఎప్పుడో స్థిరపడిన టెక్నాలజీ అనీ, ప్రపంచమంతా వాడుతోందనీ, చెన్నైకి పెద్ద ప్లాంట్లు వచ్చాయనీ, పల్లెపల్లెకూ మినరల్ వాటర్ ప్లాంటు ఉందనీ వారంటారు. కావలసినప్పుడు టెండరు పిలిచి కొనుక్కుంటే చాలు, కొత్తది ఏదైనా ఉంటే అమ్ముకునే కంపెనీలే పరీక్షించుకుంటాయి, సర్కారు సొమ్ము కుళాయిలకు పోవాలి గాని ప్రయోగాలకు కాదు అన్నది వారి వాదన. వినడానికి సబబుగానే ఉన్న ఈ వాదన ఆర్ఓ పుట్టిన చరిత్ర ముందు నిలవదు. నీటి స్వభావం తెలిసినవారి ముందు అసలే నిలవదు.

ఈరోజు టెండరులో దొరికే ఆర్ఓ ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమెరికా ప్రభుత్వం 1952లో ఉప్పునీటి పరిశోధన కోసం ప్రత్యేకంగా చట్టం చేసి, అందుకొక కార్యాలయాన్ని నెలకొల్పింది. అప్పటికి ఏ పద్ధతి గెలుస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే రకరకాల పద్ధతుల మీద ప్రదర్శన ప్లాంట్లు కట్టి చూశారు. 1961 జూన్‌లో అధ్యక్షుడు కెనెడీ వైట్‌హౌస్‌లో మీట నొక్కి టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రీపోర్ట్‌లో ప్రారంభించిన ప్లాంటు నీటిని ఆవిరి చేసి చల్లార్చే రకానిది. సౌత్ డకోటాలోని వెబ్‌స్టర్‌లో కరెంటుతో ఉప్పును లాగే ఎలక్ట్రోడయాలసిస్ పద్ధతినీ, నార్త్ కరోలినా తీరంలో నీటిని గడ్డకట్టించి ఉప్పును వేరుచేసే పద్ధతినీ ప్రయత్నించారు. గడ్డకట్టించే పద్ధతి తాగునీటి రంగంలో నిలదొక్కుకోలేదు. అది నిలదొక్కుకోదని చిన్న ప్లాంటు మీదే తేలిపోవడం ఆ డబ్బుకు దక్కిన ఫలమే. అదే సంగతి పెద్ద ప్లాంటు కట్టాక తెలిసి ఉంటే ఒక నగరం నెత్తిన పడేది.

ఆర్ఓ కథ కూడా అలాగే నడిచింది. 1950ల చివర లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ అసిటేట్ పొరను కొత్త పద్ధతిలో తయారుచేశారు. అంతకు ముందు చుక్కలు చుక్కలుగా వచ్చే నీరు ఆ పొర గుండా వాడకానికి పనికొచ్చే వేగంతో వచ్చింది. పరిశోధన పత్రం వరకు అయితే విజయం అక్కడితో పూర్తయింది. తాగునీటి వరకు మాత్రం అప్పుడే మొదలైంది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న పట్టణంలో ఆ పొరను గొట్టాలుగా చేసి ఒక పైలట్ ప్లాంటు నడిపారు. కోలింగా భూగర్భ జలం ఉప్పన. ఒకప్పుడు అక్కడివారికి తాగే నీరు రైలు ట్యాంకర్లలో వచ్చేది. ఆ ప్లాంటు ఇచ్చింది రోజుకు అయిదు వేల గ్యాలన్లు, అంటే దాదాపు 19 వేల లీటర్లు. ఇప్పటి లెక్కలో ఒక పెద్ద గ్రామానికి కూడా చాలదు. కానీ ఆర్ఓ ఒక ఊరి అసలు నీటి మీద నిలకడగా పనిచేస్తుందని లోకానికి రుజువు చేసింది ఆ 19 వేల లీటర్లే.

తర్వాతి మలుపు మరీ స్పష్టమైనది. ఇప్పుడు ప్రపంచంలోని ఆర్ఓ ప్లాంట్లలో ఎక్కువ భాగం వాడే పలుచని పాలీఅమైడ్ పొరకు ఆద్యుడు జాన్ కాడోట్. మినసోటాలోని ఒక పరిశోధన సంస్థలో అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల మీద పనిచేస్తూ ఆ రసాయన మార్గాన్ని కనుక్కున్నాడు. తర్వాత ఫిల్మ్‌టెక్ అనే కంపెనీ ఆ పొరను అమ్మింది. ఆ కంపెనీని 1985లో డౌ అనే రసాయనాల కంపెనీ కొన్నది. పేటెంటు ఎవరిదన్న వివాదం కోర్టుకెక్కినప్పుడు, ప్రభుత్వ కాంట్రాక్టు కింద జరిగిన పని కనుక ఆ ఆవిష్కరణ మీద హక్కు అమెరికా ప్రభుత్వానిదేనని 1992లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. కొత్తదాన్ని కంపెనీలే పరీక్షించుకుంటాయి అనేవారు గుర్తుపెట్టుకోవలసిన తీర్పు ఇది. హైదరాబాదులో ఇంటింటి వంటగదిలో గోడకు తగిలించిన యంత్రంలోని పొర కూడా ఆ సంతతిదే. దాని వెనక ఉన్నది ప్రజాధనం.

కంపెనీలు పైలట్ ప్లాంట్లు నడపవని కాదు. నడుపుతాయి. అయితే ఆ ఫలితాలు బీరువాలోనే ఉంటాయి. బాగా నడిచినది ప్రకటనగా బయటికొస్తుంది, చెడిపోయినది రాదు. ఒక ఊరి నీళ్లలో పొర ఎందుకు మూసుకుపోయిందో తెలిస్తే పక్క జిల్లాకు మేలు. కానీ ఆ మేలుకు కంపెనీకి పైసా రాదు. అందువల్ల ఆ సమాచారం కోసం అది డబ్బు పెట్టదు. పైగా నీళ్ల ప్లాంట్లు కొనేది దాదాపు ప్రతిచోటా ప్రభుత్వమూ పురపాలక సంఘాలే. అవి టెండరు పిలిచేటప్పుడు ఇంత సామర్థ్యం గల ప్లాంటును ఇన్నేళ్లు నడిపిన అనుభవం ఉండాలని షరతు పెడతాయి. ప్రజల డబ్బు విషయంలో ఆ జాగ్రత్త న్యాయమే. అయితే దాని పర్యవసానం కూడా చూడాలి. నడిచిన చరిత్ర లేనిదే టెండరులోకి రానివ్వరు, టెండరులోకి రానిదే నడిచే చరిత్ర ఏర్పడదు. ఈ చిక్కుముడిని విప్పగలిగినది ప్రభుత్వ సాయంతో నడిచే పైలట్ ప్లాంటు ఒక్కటే. తలుపు తానే మూసి, లోపలికి ఎవరూ రావడం లేదు కనుక కొత్త టెక్నాలజీ లేదని ప్రభుత్వం తీర్మానించడం సరికాదు.

ఇక నీటి సంగతి. ప్రయోగశాలలో ఉప్పునీరంటే శుద్ధజలంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. సముద్రంలో ఆ ఉప్పుతో పాటు బురద, నాచు, గుడ్లు, పిల్ల జీవులు, ఓడల నూనె, బాక్టీరియా వదిలే జిగురు ఉంటాయి. పైలట్ ప్లాంటు దగ్గర పనిచేసేవారు ఈ తేడాను రోజూ ఒక చిన్న కాగితం మీద చూస్తారు. వడపోత దాటి వచ్చిన నీటిని, 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న తెల్లని గుండ్రటి వడపోత కాగితం గుండా, చదరపు అంగుళానికి 30 పౌండ్ల పీడనంతో తోస్తారు. మొదటి అరలీటరు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటారు. పదిహేను నిమిషాలు వదిలి, మళ్లీ అరలీటరుకు ఎంత పట్టిందో చూస్తారు. ఆ రెండు సమయాల తేడా నుంచి లెక్కగట్టే సూచీయే నీటిలోని మడ్డికి కొలత. సూచీ మూడు లోపు ఉంటే మెంబ్రేన్‌కు, అంటే ఆర్ఓ పొరకు, హాయి, అయిదు దాటితే తయారీదారు హామీ కూడా చెల్లదు. ఒకరోజు తెల్లగానే మిగిలిన కాగితం వరద నీరు కలిసిన రోజున గోధుమరంగుకు తిరిగి, రెండో అరలీటరు రావడమే గగనమవుతుంది. ఈ సంగతి ఏ టెండరు పుస్తకంలోనూ ఉండదు. ఆ తీరంలో, ఆ నీటితో, అన్ని రుతువులూ గడిపితేనే తెలుస్తుంది.

తెలియకపోతే ఏమవుతుందో ఫ్లోరిడాలోని టాంపా బే చూపించింది. రోజుకు దాదాపు తొమ్మిదిన్నర కోట్ల లీటర్లు ఇవ్వాల్సిన ఆ ప్లాంటు నుంచి 2003లో నీరు రావడం మొదలైంది. కానీ వడపోతలు అనుకున్నదానికంటే చాలా త్వరగా మూసుకుపోయాయి. ఆ అఖాతంలోకి కొత్తగా వచ్చి పెరిగిన ఆసియా పచ్చ ఆల్చిప్పలు తలనొప్పి తెచ్చాయి. కాంట్రాక్టర్లు దివాలా తీశారు. తొలి అంచె శుద్ధిని దాదాపు తిరిగి కట్టాల్సి వచ్చింది. ప్లాంటు పూర్తి స్థాయికి చేరేసరికి 2007 దాటింది. మెంబ్రేన్ టెక్నాలజీలో లోపం లేదు. అక్కడి నీటికి తగిన తొలి వడపోత ఏదో ముందుగా సరిపోయినంత కాలం చూసుకోకపోవడమే లోపం. ఉప్పునీటి శుద్ధి మీద ఎక్కువగా ఆధారపడే గల్ఫ్ ప్రాంతంలో కూడా 2008-09లో ఎర్రనాచు విరుచుకుపడినప్పుడు ఒమన్, యూఏఈ తీరాల్లో కొన్ని ప్లాంట్లు రోజులు, వారాల తరబడి మూతపడ్డాయి. ఆ అనుభవం తర్వాతే నాచును పైకి తేల్చి తీసివేసే అదనపు అంచె ఆ తీరంలో ప్రాధాన్యం సంపాదించుకుంది.

బంగాళాఖాతం గల్ఫ్ సముద్రం వంటిది కాదు. గోదావరి, కృష్ణ వరదలొచ్చే నెలల్లో ఆంధ్ర తీరపు నీటిలో ఉప్పు తగ్గి బురద పెరుగుతుంది. ఎండాకాలంలో ఇది తలకిందులవుతుంది. తుపాను వచ్చిన వారం లెక్క వేరు. చెన్నైకి ఉత్తరాన మింజూరులో 2010లో మొదలైన రోజుకు పది కోట్ల లీటర్ల ప్లాంటు వెనక ఒక స్పెయిన్ సంస్థతో పాటు హైదరాబాదుకు చెందిన ఐవీఆర్‌సీఎల్ కూడా ఉంది. అంటే పెద్ద ప్లాంటు కట్టే సత్తా తెలుగు నేల మీద ఎప్పుడో ఉంది. కొనగలగడం, కట్టగలగడం వేరు, ఈ తీరపు నీటిని ఎరిగి ఉండడం వేరు. రెండోది దిగుమతి కాదు.

స్థిరపడిన టెక్నాలజీ అన్న మాటలో కొంత నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. సముద్రపు నీటిలో సగాన్ని మంచినీరుగా తీయడానికి ప్రకృతి నియమాల ప్రకారం ఘనపు మీటరుకు కనీసం 1.06 యూనిట్ల కరెంటు కావాలి. కాలిఫోర్నియాలోని పోర్ట్ హ్యూనీమ్‌లో నౌకాదళ పరీక్షా కేంద్రంలో 2000ల మధ్యలో నడిపిన ఒక పైలట్ ప్లాంటు ఆర్ఓ అంచె వరకు 1.58 యూనిట్లకు దించి చూపింది. మొత్తం ప్లాంటుకైతే మూడు నాలుగు యూనిట్లు పడుతున్నాయి. కనుక మెంబ్రేన్ దగ్గర ఇంకా మిగిలిన ఆదా కొద్దిదే. మెంబ్రేన్ ఒక్కటే ప్లాంటు అనుకునేవారికి ఇక పరిశోధన అక్కర్లేదని అనిపించడం అందువల్లే. అసలు సమస్యలు దానికి ముందూ వెనకా ఉన్నాయి. ముందు ఉన్నది తొలి వడపోత. వెనక ఉన్నది ఉప్పు ముద్దలాంటి మిగులు నీరు. 2019లో వెలువడిన ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం అంచనా ప్రకారం ప్రపంచంలోని ప్లాంట్లు రోజుకు 9.5 కోట్ల ఘనపు మీటర్ల మంచినీటికి 14 కోట్లకు పైగా ఘనపు మీటర్ల చిక్కటి ఉప్పునీటిని వదులుతున్నాయి.

తీరంలో ఆ నీటిని కనీసం సముద్రంలో కలపవచ్చు. భూభాగం లోపల ఆ దారి లేదు. తెలుగు రాష్ట్రాలకు అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇక్కడే ఉంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని గ్రామంలోని ఆర్ఓ ప్లాంటు సగం మంచినీరుగా, సగం రిజెక్ట్ నీరుగా విడగొడితే, ఆ రిజెక్ట్‌లో ఫ్లోరైడ్ దాదాపు ఎనిమిది మిల్లీగ్రాములవుతుంది. అది ప్లాంటు వెనక కాలువలోకి, అక్కడి నుంచి కుంటలోకి, తిరిగి నేలలోకి పోతుంది. ఇరవై లీటర్ల క్యాను నింపుకొని వెళ్లే ఇంటికి మేలే జరిగింది. ఆ క్యాను కొనలేని ఇంటి బోరుకు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ కీడు జరుగుతోంది. ఇళ్ల ఆర్ఓ యంత్రాలు కనీసం 60 శాతం నీటిని రాబట్టేలా నిబంధన తేవాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ గట్టినీటిలో ఎక్కువ శాతం రాబట్టబోతే కాల్షియం, సిలికా పొర మీద పెచ్చుకట్టి మెంబ్రేన్‌ను చంపేస్తాయి. ఏ నీటిలో ఎంత శాతం దాకా పోవచ్చో, ముందు ఏమి తీసివేయాలో, మిగిలిన చిక్కటి నీటిని ఎలా ఆరబెట్టాలో ఉత్తర్వు చెప్పలేదు. ఆ నీటి మీద ప్లాంటు నడపాల్సిందే.

నడపకుండా పంచిపెడితే ఏమవుతుందో చూడాలంటే నల్గొండ పేరు పెట్టుకున్న పద్ధతినే చూడవచ్చు. దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించిన తొలి వైద్య నివేదిక 1937లో నాటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను దించే చవకైన పద్ధతిని రూపొందించింది. ఇంటి స్థాయిలో ఒక నలభై లీటర్ల బకెట్, అడుగున మడ్డికి చోటు వదిలి కాస్త పైన బిగించిన కుళాయి చాలు. మందులు వేసి మొదట వేగంగా, తర్వాత పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచాలి. రసాయన శాస్త్రం తప్పు కాదు. అయితే పటిక మోతాదు ఒక్కో బోరుకు ఒక్కో రకం. నీటి క్షారత మారితే మోతాదు మారాలి. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ మిగులుతుంది, లేదా నీటిలో అల్యూమినియం చేరుతుంది. అడుగున మిగిలిన ఫ్లోరైడ్ మడ్డిని ఎక్కడ పోయాలి? పొలం పనికి పోయే ఇల్లాలు రోజూ నీళ్లు తిప్పుతూ కూర్చోగలదా? ఈ ప్రశ్నలు ప్రయోగశాలవి కావు. ఇవి పల్లెలో ఏళ్ల తరబడి నడిపి, నడిపే మనిషికి జీతమిచ్చి, లెక్క రాసి తేల్చుకోవలసినవి. అలా తేల్చుకోని చోట్ల బకెట్లు, ట్యాంకులు మూలపడ్డాయి. ఆ తర్వాత తెలంగాణలో మిషన్ భగీరథ కృష్ణా నీటిని గొట్టాల్లో తెచ్చింది. అది గొప్ప ఉపశమనమే. కానీ నదీజలం అందిన ఊరికి అది జవాబు, అందని ఊరికి కాదు.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ లక్షద్వీప్. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, వాడుకలో నియాట్, 2005లో కవరత్తి దీవిలో రోజుకు లక్ష లీటర్ల ప్లాంటు నెలకొల్పింది. అందులో మెంబ్రేన్ లేదు. గాలి తీసేసిన గదిలోకి ఇరవై ఎనిమిది డిగ్రీల ఉపరితల నీటిని వదిలితే కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరిని దాదాపు 350 మీటర్ల లోతు నుంచి పైపుతో తోడిన చల్లటి నీటితో మంచినీరుగా మారుస్తారు. తీరం దాటగానే సముద్రం నిటారుగా లోతవడం ఆ దీవులకున్న వరం. మెంబ్రేన్లు మార్చేవాడు, రసాయనాలు తెచ్చే ఓడ ఎప్పుడొస్తాయో తెలియని చోట ఈ పద్ధతి సరిగ్గా సరిపోయింది. 2011లో మినికాయ్, అగత్తి దీవులకు ఇలాంటి ప్లాంట్లు వచ్చాయి. తర్వాత మరో ఆరు దీవులకు లక్షన్నర లీటర్ల చొప్పున మంజూరయ్యాయి. దీని వెనక ఉన్న పరాజయాన్ని కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు అదే సంస్థ సముద్రపు వేడి తేడాతో కరెంటు తీయాలని తూత్తుకుడి దగ్గర ఒక బార్జిని సిద్ధం చేసింది. పొడవాటి చల్లనీటి పైపును లోతుకు దించడంలో ఎదురైన వైఫల్యాలతో అది ఆగిపోయింది. డబ్బు మునిగిందని అప్పుడు అనుకున్నవారు ఉండే ఉంటారు. ఆ పైపుతో, ఆ లోతుతో పెనుగులాడి నేర్చిన సంస్థే కవరత్తికి నీళ్లిచ్చింది. 2007లో అదే బార్జి మీద చెన్నై తీరానికి దూరంగా పది లక్షల లీటర్ల ప్లాంటును నడిపి చూసింది.

చెరువులు బాగుచేయకుండా, వృథా అరికట్టకుండా ఈ ప్రయోగాలెందుకు అని అడిగేవారూ ఉన్నారు. చెరువులు బాగుచేయాల్సిందే, అందులో వాదం లేదు. కానీ ఆ పనికి అడ్డుపడేంత డబ్బు పైలట్ ప్లాంట్లకు పోదు. కోలింగా ప్లాంటు ఇచ్చిన నీటికీ మింజూరు సామర్థ్యానికీ తేడా అయిదు వేల రెట్లకు పైనే.

అన్నిటిలోకీ బలమైన అభ్యంతరం వేరొకటి ఉంది. ప్రారంభోత్సవం రోజున మెరిసిన పైలట్ ప్లాంట్లు రెండేళ్లకు తుప్పు పడుతున్నాయి కదా అన్నది అది. నిజమే. అయితే ఆ తుప్పుకు కారణం నిధులివ్వడం కాదు, సగంలో ఆపడం. యంత్రం కొనడానికి మంజూరు ఉంటుంది. దాన్ని నడపడానికి, కరెంటుకు, రసాయనాలకు, రాత్రి పాళీ ఆపరేటరుకు ఉండదు. నడవని యంత్రం నుంచి సమాచారం రాదు. అందువల్ల నిధులిచ్చే పద్ధతి మారాలి గాని నిధులు పోకూడదు. కనీసం ఒక పూర్తి సంవత్సరం, వానాకాలమూ ఎండాకాలమూ కలిసొచ్చేలా, నడపడానికి డబ్బు మంజూరులోనే ఉండాలి. ఫలితాలు, ముఖ్యంగా చెడిపోయిన రోజుల ఫలితాలు, ఎవరైనా చూడగలిగేలా ప్రకటించాలి. కంపెనీ పాలుపంచుకుంటే ఖర్చులో వాటా పెట్టాలి. అమెరికా 1996లో చేసిన నిర్లవణీకరణ చట్టంలో సర్కారు వాటా మామూలుగా సగానికి మించకూడదన్న నియమం ఉంది. ఆ దేశమే 1982లో తన పాత కార్యాలయ వారసత్వాన్ని మూసేసి, పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ చట్టం చేసుకోవలసి వచ్చింది. 2007లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డోలో ఒక పరీక్షా కేంద్రం తెరిచింది. అక్కడ వేర్వేరు ఉప్పదనం గల బావులు, మిగులు నీరు ఆరబెట్టే మడుగులు సిద్ధంగా ఉంటాయి. పరిశోధకుడు యంత్రం తెచ్చి, గొట్టం తగిలించి నడుపుకోవచ్చు.

అలాంటి పరీక్షా స్థలాలు తెలుగు నేలకు రెండు కావాలి. ఒకటి విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరాల్లో ఎక్కడైనా, వరద బురద తగిలే చోట ఉండాలి. రెండోది కనిగిరి వైపో మర్రిగూడ వైపో, ఫ్లోరైడ్ బోరు పక్కన ఉండాలి. తీర నగరాలకు నిర్లవణీకరణ ప్లాంట్ల టెండర్లు పిలవకముందే మొదటిది నడుస్తూ ఉండాలి. గ్రామ ఆర్ఓ ప్లాంట్లకు మళ్లీ నిధులివ్వకముందే రెండోదాని నుంచి రిజెక్ట్ నీటి లెక్క రావాలి. వచ్చే బడ్జెట్లలో ఈ రెంటికీ, వాటిని నడిపే ఖర్చుతో సహా, రాష్ట్ర ప్రభుత్వాలు పద్దు కేటాయించాలి.